‘ఉంటే’కీ ‘ఉంటేనే’కీ మధ్య: ఫార్మల్ లాజిక్‌లో తొలి అడుగులు

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడుతుంటే కాలేజీ నోటీసు బోర్డు మీద ఇలాంటి వాక్యం ఒకటి కనిపిస్తుంది: ‘75 శాతం హాజరు ఉంటేనే హాల్ టికెట్ ఇవ్వబడును.’ 80 శాతం హాజరున్న కుర్రాడొకడు ధీమాగా కౌంటర్ దగ్గరికి వెళ్తాడు. ఫీజు బాకీ ఉందని టికెట్ ఇవ్వరు. ‘75 ఉంటే ఇస్తామని మీరే రాశారు కదా సార్’ అని గొడవ పెట్టుకుంటాడు. నిజానికి నోటీసులో ఆ మాట లేదు. ‘ఉంటే’ అని రాసి ఉంటే కుర్రాడి వాదన నిలిచేది. రాసింది ‘ఉంటేనే’ అని. 75 శాతం లేనివాళ్లకి టికెట్ రాదని మాత్రమే ఆ వాక్యం చెబుతోంది. ఉన్నవాళ్లకి వస్తుందో రాదో అది ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఆ ‘నే’ ఏం చేస్తోందని అడిగితే ఎక్కువమంది ‘నొక్కి చెబుతోంది’ అంటారు. దాని పని అంతకంటే పెద్దది. వాక్యంలో ఏ భాగం నుంచి ఏ భాగానికి వెళ్లవచ్చో, ఆ దారినే అది తిప్పేసింది. ఇలాంటి చిన్న మాటల మీద ఆధారపడి ఏది దేని నుంచి వస్తుందో తేల్చే శాస్త్రమే ఫార్మల్ లాజిక్. బీటెక్, బీఎస్సీ కంప్యూటర్స్ వాళ్లకి ఇది డిస్క్రీట్ మ్యాథమెటిక్స్‌లో భాగంగా ఎదురవుతుంది. ఫిలాసఫీ వాళ్లకి ఒక పేపరు. యూజీసీ నెట్ రాసేవాళ్లకి మొదటి పేపర్లో లాజికల్ రీజనింగ్ యూనిట్. ఎక్కడ ఎదురైనా విద్యార్థి భయపడేది గుర్తుల్ని చూసే. గుర్తులు రెండు రోజుల్లో వస్తాయి. ఇబ్బందంతా మామూలు వాక్యాన్ని గుర్తుల్లోకి మార్చే దగ్గర ఉంది. అక్కడ తెలుగు వ్యాకరణం చాలా సాయం చేస్తుంది, కానీ పాఠ్యపుస్తకాలు దాన్ని వాడుకోవు.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఏ వాదన గురించైనా రెండు ప్రశ్నలు వేయవచ్చు. చెప్పిన మాటలు నిజమేనా అన్నది మొదటిది. అవి నిజమైతే చివరి మాట కూడా తప్పక నిజం కావాల్సిందేనా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది ఆయా రంగాల వాళ్లు. ఫార్మల్ లాజిక్ పట్టించుకునేది రెండో ప్రశ్నని మాత్రమే. ఉదాహరణకి ఈ వాదన చూడండి.

చేపలన్నీ చెట్లెక్కుతాయి. పులసలన్నీ చేపలే. కాబట్టి పులసలన్నీ చెట్లెక్కుతాయి.

మొదటి మాట పచ్చి అబద్ధం, చివరిది కూడా అంతే. అయినా ఈ వాదన చెల్లుతుంది. చేపలన్నీ నిజంగానే చెట్లెక్కే లోకం ఒకటి ఉంటే, పులసలు చేపలే అయిన పక్షంలో, అక్కడ పులస చెట్టెక్కకుండా ఉండే వీలు లేదు. ఇప్పుడు దీని పక్కన ఇంకొకటి పెట్టి చూడండి.

కొన్ని నదులు బంగాళాఖాతంలో కలుస్తాయి. గోదావరి ఒక నది. కాబట్టి గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది.

మూడు వాక్యాలూ నిజాలే, కానీ వాదన చెల్లదు. గోదావరి తీసేసి ఆ చోట నర్మద అని పెడితే సంగతి బయటపడుతుంది. మొదటి రెండు మాటలు నిజంగానే ఉంటాయి, మూడోది అబద్ధమైపోతుంది, ఎందుకంటే నర్మద కలిసేది అరేబియా సముద్రంలో. ఆధారాలు నిజమై ముగింపు అబద్ధమయ్యే సందర్భం ఒక్కటి చూపిస్తే చాలు, ఆ రూపంలో ఉన్న వాదనలన్నీ ఒక్క దెబ్బతో కొట్టుడుపోతాయి. అలాంటి సందర్భం అసలు ఉండే వీలే లేకపోతే ఆ వాదన చెల్లుతుంది. చెల్లుబాటు అంటే ఇంతే. ‘రూపం’ అనే మాట కూడా ఇక్కడి నుంచే వచ్చింది. పులస, చేప, చెట్టు అన్న మాటలు తీసేసి క, గ, చ అని అక్షరాలు పెట్టినా మొదటి వాదన బలం తగ్గదు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ చేసిన పెద్ద పని ఇదే, పేర్ల స్థానంలో అక్షరాలు పెట్టడం. బ్యాంకు పరీక్షల్లో ‘కొన్ని పెన్నులు పుస్తకాలు, పుస్తకాలన్నీ బల్లలు’ అంటూ కుర్రాళ్లని తిప్పలు పెట్టే సిలాజిజం ప్రశ్నలు ఆయన వారసత్వమే. అక్కడ ‘కొన్ని’ అంటే ‘కనీసం ఒకటి’ అని అర్థం. అన్నీ అయినా ఆ వాక్యం అబద్ధం కాదు. కోచింగ్ సెంటర్లలో మార్కులు పోయే మొదటి చోటు ఇదే.

అరిస్టాటిల్ పట్టించుకున్నది ‘అన్నీ’, ‘కొన్ని’ లాంటి మాటల్ని. ఆయన తర్వాత గ్రీసులో స్టోయిక్కులనే తత్వవేత్తలు మొత్తం వాక్యాల్ని యూనిట్లుగా తీసుకుని, వాటిని కలిపే మాటల మీద పడ్డారు. వాళ్లలో క్రిసిప్పస్ పేరు మీద ఓ కుక్క కథ ఉంది. వేట వెంట పరుగెత్తుతున్న కుక్క మూడు దారులు చీలేచోటికి వస్తుంది. రెండు దారుల్లో వాసన చూస్తుంది, అక్కడ లేదు. మూడోదాన్ని వాసన చూడకుండానే అటు పరుగెత్తుతుంది. ‘ఇది గానీ అది గానీ మరొకటి గానీ, ఇది కాదు, అది కాదు, కాబట్టి మరొకటి.’ కుక్కకి లాజిక్ వచ్చా అన్నది వాళ్లలో వాళ్లు తేల్చుకోని తగువు. మనకి మాత్రం ‘గానీ’ దగ్గర ఓ చిక్కు ఉంది.

‘ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ తీసుకురండి’ అంటారు. రెండూ తెచ్చినవాణ్ని ఎవరూ వెనక్కి పంపరు. ‘టిఫిన్‌తో టీ లేదా కాఫీ ఉచితం’ అని హోటల్ బోర్డు మీద రాస్తే మాత్రం రెండూ అడిగినవాడి వంక సర్వర్ ఎగాదిగా చూస్తాడు. లాజిక్‌లో ‘లేదా’ మొదటి రకానిది. కనీసం ఒకటి నిజమైతే చాలు, రెండూ నిజమైనా తప్పులేదు. దాని గుర్తు ∨. సరిగ్గా ఒకటే నిజం కావాలన్న రెండో రకానికి వేరే పేరుంది, ఎక్స్‌క్లూజివ్ ఆర్. మేడ మెట్ల దగ్గర కింద ఒకటి, పైన ఒకటి ఉండే టూ-వే స్విచ్‌లు పనిచేసేది ఈ రెండో పద్ధతిలోనే: ఏ ఒక్క స్విచ్ మార్చినా దీపం స్థితి మారుతుంది. ఇది ఊరికే పోలిక కోసం చెప్పింది కాదు. 1937లో 21 ఏళ్ల క్లాడ్ షానన్ ఎంఐటీలో రాసిన ఎం.ఎస్. థీసిస్ సారాంశమే ఇది. స్విచ్‌లని వరుసగా కలిపితే ‘క-నూ, గ-నూ’, పక్కపక్కన కలిపితే ‘క గానీ గ గానీ’. జార్జి బూల్ 1854లో ఆలోచన నియమాలంటూ రాసిన బీజగణితం ఇలా కరెంటు తీగల్లోకి దిగింది.

‘క-నూ, గ-నూ’ అని రాయడం కొంత ఎబ్బెట్టుగా ఉండవచ్చు. కానీ తెలుగులో ‘మరియు’ పుస్తకాల్లో ఉండే మాట. మాట్లాడేటప్పుడు రెండు మాటల చివరా అచ్చు సాగదీస్తాం, ‘అన్నా, వదినా వచ్చారు’ అని. ఆ సాగదీతే లాజిక్‌లో ∧. దీన్ని ‘కాదు’తో కలిపినప్పుడు జాగ్రత్త అవసరం. ‘రెండు సబ్జెక్టులూ పాసయ్యాను’ అని ఒకడు కోశాడనుకుందాం. అది అబద్ధమని తేలింది. అంటే రెండూ తప్పాడనా? కాదు, కనీసం ఒకటి తప్పాడని. ‘క-నూ గ-నూ’ కాకపోవడమంటే క కాకపోవడం గానీ గ కాకపోవడం గానీ. దీన్ని డి మోర్గాన్ సూత్రమంటారు. ఆయన, అగస్టస్ డి మోర్గాన్, పుట్టింది 1806లో మదురైలో. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసే తండ్రికి. లాజిక్ పుస్తకాల్లో లండన్ ప్రొఫెసరుగానే కనిపించే మనిషికి మన పక్క రాష్ట్రం జన్మస్థలం కావడం చాలామందికి తెలియదు.

ఇక అసలు సమస్య ‘అయితే’. పాత తెలుగు మీడియం పదో తరగతి గణితంలో ‘ప్రవచనాలు – సమితులు’ పాఠం చదివినవాళ్లకి ‘అనుషంగికం’ అన్న పేరు గుర్తుండాలి. క అయితే గ. గుర్తుల్లో క → గ. ఆ పాఠంలో అందరూ బట్టీ పట్టి, ఎవరూ నమ్మని సంగతి ఒకటుంది: క అబద్ధమైతే, గ ఏమైనా సరే, మొత్తం వాక్యం నిజమే అని. ఇదేం న్యాయం అనిపిస్తుంది. ఒక తండ్రి కొడుకుతో అన్న మాట తీసుకుని చూద్దాం: ‘నీకు ఫస్ట్ ర్యాంకు వస్తే బైకు కొనిస్తా.’

ర్యాంకు వచ్చింది, బైకు కొన్నాడు. మాట నిలబెట్టుకున్నట్టే. ర్యాంకు వచ్చింది, బైకు కొనలేదు. మాట తప్పాడు, ఇందులో వాదన లేదు. ర్యాంకు రాలేదు, బైకు కొనలేదు. తండ్రి మాట తప్పాడని కొడుకు అనలేడు. ఇక నాలుగోది: ర్యాంకు రాలేదు, పాపం ఏడుస్తున్నాడని బైకు కొనిచ్చాడు. మెత్తని మనిషని అనవచ్చు, అబద్ధమాడాడని మాత్రం అనలేం. ర్యాంకు రాకపోతే ఏం చేస్తాడో ఆయన చెప్పనే లేదు. అంటే మాట తప్పే దారి ఒక్కటే ఉంది: క నిజమై, గ అబద్ధం కావడం. సత్య పట్టికలో → గుర్తుకి ఉండే నాలుగు వరసలూ ఇవే. వాక్యాన్ని ‘ఎప్పుడు నిజం’ అని కాకుండా ‘ఎప్పుడు అబద్ధం’ అని అడిగితే పట్టిక దానంతట అదే వస్తుంది.

నాలుగో వరస మింగుడుపడకపోవడానికి కారణం ఉంది. తండ్రి ‘వస్తే’ అంటాడు, కొడుకు చెవికి ‘వస్తేనే’ అని వినిపిస్తుంది. మాటల్లో ఒకటి అని రెండోది ఉద్దేశించడం మనకి అలవాటు. ‘బుద్ధిగా ఉంటే చాక్లెట్ ఇస్తా’ అన్న అమ్మ, అల్లరి చేస్తే ఇవ్వనని కూడా చెబుతోందని పిల్లవాడికి తెలుసు. ఆ రెండో భాగం వాక్యంలో లేదు, సందర్భంలో ఉంది. లాజిక్ సందర్భాన్ని పక్కన పెట్టి వాక్యాన్ని మాత్రమే తీసుకుంటుంది. ఇది దాని బలం, బలహీనత కూడా. క, గ-లకి ఏ సంబంధమూ లేకపోయినా పట్టిక ప్రకారం ‘అయితే’ వాక్యం నిజం కావచ్చు. ‘నర్మద బంగాళాఖాతంలో కలిస్తే రెండూ రెండూ ఐదు’ లాజిక్ లెక్కలో నిజం. ఇది అసహజంగానే ఉంది. తత్వవేత్తలు దీని మీద వందేళ్లకి పైగా కొట్టుకుంటూనే ఉన్నారు. గణితానికి మాత్రం ఈ పట్టిక సరిగ్గా సరిపోతుంది కాబట్టి దాన్ని ఎవరూ వదులుకోలేదు.

ఇప్పుడు నోటీసు బోర్డు దగ్గరికి మళ్లీ వద్దాం. ‘హాజరు ఉంటే టికెట్’ అన్నది హాజరు → టికెట్. ‘హాజరు ఉంటేనే టికెట్’ అన్నది టికెట్ → హాజరు. బాణం తిరగబడింది. ఎవరి చేతిలోనైనా హాల్ టికెట్ కనిపిస్తే అతనికి 75 శాతం ఉందని తేల్చవచ్చు, కానీ హాజరు చూసి టికెట్ గురించి ఏమీ తేల్చలేం. ఇంగ్లిష్‌లో చదివే పిల్లలు ఈ తేడా దగ్గర తడబడతారు, ఎందుకంటే అక్కడ ‘అయితే మాత్రమే’ అన్న అర్థానికి వాక్యం మధ్యలో ఒక విడి మాట వేయాలి, అది చదువుతూ జారిపోతుంది. తెలుగులో ఆ పని చేసే ‘నే’ క్రియని అంటిపెట్టుకునే ఉంటుంది. దాన్ని చూడగానే బాణం తిప్పి రాయాలని గుర్తుంచుకుంటే సగం లెక్కలు తప్పవు. ఇదే కుటుంబంలో ఇంకో రెండు రూపాలున్నాయి. ‘పాసవ్వాలంటే చదవాలి’లో ‘అంటే’ కూడా ‘నే’ లాంటిదే: పాస్ → చదవడం. చదివితే పాసవుతాడని అది హామీ ఇవ్వదు. ఇక ‘వాన పడినా వస్తాను’ చూడటానికి అయితే-వాక్యంలా ఉంటుంది గానీ, షరతును తీసేస్తుంది. వాన పడినా పడకపోయినా వస్తానని, అంటే సీదాగా ‘వస్తాను’ అని.

క → గ నుంచి గ → క-కి దూకడాన్ని విపర్యయం తప్పు అనవచ్చు. క → గ నుంచి ‘గ కాకపోతే క కాదు’కి వెళ్లడం మాత్రం తప్పు కాదు, దాన్ని ప్రతివర్తితం అంటారు. క → గ, దాని ప్రతివర్తితం, ఈ రెండూ ఒకే మాట. మొదటి దూకుడు ఎంత ప్రమాదమో తెలుగు నేల నుంచి కాశీకి వెళ్లి పేరు తెచ్చుకున్న పండితుడొకాయన ఓ ఇనప గుండుతో చూపించాడు. ఆయన 17వ శతాబ్దపు అన్నంభట్టు, ‘తర్కసంగ్రహం’ రాసినాయన. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరని సంస్కృతంలో సామెత కూడా పుట్టింది.

మన పాత తర్క సంప్రదాయమైన న్యాయశాస్త్రంలో (కోర్టుల న్యాయం కాదు) అందరికీ తెలిసిన ఉదాహరణ కొండ మీది పొగ. కొండ మీద నిప్పుంది (ప్రతిజ్ఞ). పొగ ఉంది కాబట్టి (హేతువు). ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పుంటుంది, వంటింట్లోలాగా (ఉదాహరణ). ఈ కొండ మీద ఉన్నదీ అలాంటి పొగే (ఉపనయం). కాబట్టి నిప్పుంది (నిగమనం). పొగకీ నిప్పుకీ ఉన్న ఈ విడదీయరాని తోడునే వ్యాప్తి అంటారు. ఇప్పుడు దీన్ని తిప్పి ‘కొండ మీద పొగ ఉంది, నిప్పు ఉంది కాబట్టి’ అంటే? కుదరదని అన్నంభట్టు చెబుతాడు. కొలిమిలో ఎర్రగా కాగిన ఇనప గుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పు నుంచి పొగ రావాలంటే పచ్చికట్టె తగలాలి. ఆ అదనపు షరతుని ‘ఉపాధి’ అన్నారు. హాల్ టికెట్ కుర్రాడికి ఫీజు రసీదు ఎలాంటిదో నిప్పుకి పచ్చికట్టె అలాంటిది. నర్మదతో గోదావరి వాదనని పడగొట్టినట్టే, ఇక్కడ ఇనప గుండు ఒక్కటి చూపించి విపర్యయాన్ని పడగొట్టారు.

అలాగని న్యాయశాస్త్రాన్ని పట్టుకొచ్చి ‘ఇదే మన ఫార్మల్ లాజిక్’ అనడం రెంటికీ అన్యాయమే. ఈ మధ్య అలా అనడం ఫ్యాషనైంది. నైయాయికులు, అంటే న్యాయశాస్త్ర పండితులు, అడిగింది నికరమైన జ్ఞానం ఎలా కలుగుతుందని. నిజాన్నీ చెల్లుబాటునీ విడదీయాల్సిన పని వాళ్లకి లేదు. చెట్లెక్కే పులసల వాదనకి అరిస్టాటిల్ వారసులు పాస్ మార్కులు వేస్తారు, నైయాయికుడు మాత్రం హేత్వాభాస (హేతువులా కనిపించే తప్పుడు హేతువు) అని విసిరి కొడతాడు. వాళ్ల వాదనలో ఉదాహరణ తప్పనిసరి అవయవం కావడం కూడా ఇందుకే. లోకంలో ఒక్క వంటిల్లయినా చూపించకుండా నియమం చెప్పడానికి వీల్లేదు. నెట్ సిలబస్‌లో ఈ రెండు సంప్రదాయాలూ పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని కొలతలతో రెండోదాన్ని కొలవకపోతే రెండూ అర్థమవుతాయి.

ఈ ‘అయితే’ మనుషుల బుర్రలో ఎలా పనిచేస్తుందో చూడటానికి 1966లో పీటర్ వాసన్ అనే ఇంగ్లిష్ మనస్తత్వ శాస్త్రవేత్త పేకముక్కల్లాంటి పరీక్ష ఒకటి పెట్టాడు. తెలుగు అక్షరాలతో అది ఇలా ఉంటుంది. బల్ల మీద నాలుగు కార్డులు: అ, క, 4, 7. ప్రతి కార్డుకీ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. నియమం: ‘ఒకవైపు అచ్చు ఉంటే వెనకవైపు సరిసంఖ్య ఉంటుంది.’ ఈ నియమం నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పి చూడాలి? ఎక్కువమంది ‘అ’, ‘4’ అంటారు. కొందరు ‘అ’ ఒక్కటే అంటారు. సరైన జవాబు ‘అ’, ‘7’. 4 వెనక హల్లు ఉన్నా నియమానికి వచ్చే నష్టం లేదు, ర్యాంకు రాకుండా బైకు కొనిచ్చినట్టే. 7 వెనక అచ్చు ఉంటే మాత్రం నియమం చచ్చినట్టే. వాసన్ తరహా పరీక్షల్లో సరిగ్గా చెప్పినవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు.

అదే ప్రశ్న ఇంకోలా వేస్తే కథ మారుతుంది. కాలేజీ ఆఫీసులో నాలుగు ఫైళ్లున్నాయి. ఒకదాని మీద ‘టికెట్ ఇచ్చాం’, ఇంకోదాని మీద ‘టికెట్ ఇవ్వలేదు’, మూడోదాని మీద ‘హాజరు 82’, నాలుగోదాని మీద ‘హాజరు 60’. నిబంధన తప్పి ఎవరికైనా టికెట్ ఇచ్చారేమో చూడాలి. ఏ ఫైళ్లు తెరవాలి? ‘ఇచ్చాం’, ‘60’ అని ఆఫీసు అటెండరు కూడా చటుక్కున చెబుతాడు. మిగతా రెండూ తెరవడం దండగ. రూపం అదే, బాణం అదే. 1982లో అమెరికాలో మద్యం తాగే వయసు నిబంధనతో ఇలాంటి పరీక్షే పెడితే నూటికి డెబ్భై మందికి పైగా సరిగ్గా చెప్పారు. మోసాన్ని పట్టుకోవడంలో మనిషి బుర్ర చురుకు, అచ్చులూ అంకెల దగ్గర మందం. పరీక్షలో క, గ-లతో లెక్క చిక్కుపడితే వాటి చోట టికెట్, హాజరు పెట్టి చూసుకోవడం మోసం కాదు, మంచి పద్ధతి.

ఇంతవరకూ వాక్యాల్ని కలిపే మాటలు చూశాం. పులసల వాదన వీటికి లొంగదు, ఎందుకంటే దాని బలం ‘అన్నీ’ అన్న మాటలో ఉంది. 1879లో గాట్లోబ్ ఫ్రేగె అనే జర్మన్ గణితవేత్త ఒక చిన్న పుస్తకంలో ఈ ‘అన్నీ’, ‘ఒకటి ఉంది’ అన్న వాటికి గుర్తుల లెక్క కట్టాడు. ఇప్పుడు మనం రాసే ∀, ∃ గుర్తులు ఆయనవి కావు, ఆలోచన ఆయనది. వీటిని క్వాంటిఫైయర్లు అంటారు. ‘చేపలన్నీ చెట్లెక్కుతాయి’ అంటే ‘ఏ వస్తువు తీసుకున్నా, అది చేప అయితే అది చెట్టెక్కుతుంది’ అని. మళ్లీ అదే ‘అయితే’.

‘అన్నీ’ని ‘కాదు’తో కలిపితే తెలుగులో సరదాగా ఉంటుంది. ‘తెల్లనివన్నీ పాలు కావు’ అంటాం. మాటకి మాట తీసుకుంటే, తెల్లని వస్తువు ఏదీ పాలు కాదని కూడా అర్థం వస్తుంది, అప్పుడు పాలు కూడా పాలు కావు. మనం చెప్పదలుచుకున్నది ‘తెల్లనివన్నీ పాలే అనడం నిజం కాదు’ అని. ‘కాదు’ని ‘అన్నీ’కి ముందు పెట్టాలా, వెనక పెట్టాలా అన్నదే తేడా. ‘అందరూ రాలేదు’ అన్నప్పుడు కొందరు వచ్చారా, అసలెవరూ రాలేదా అన్నది గొంతులో తెలుస్తుంది, కాగితం మీద తెలియదు. అందుకే ఎవ్వరూ రానప్పుడు ‘ఎవరూ రాలేదు’ అనే విడి మాట భాష ఏర్పాటు చేసుకుంది. గుర్తుల్లోకి మార్చేముందు ఇలాంటి వాక్యాన్ని ఏదో ఒక వైపుకి తిప్పి రాసుకోవడం తప్పనిసరి.

ఇంకో చిక్కు ఖాళీ జాబితాలది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతలోని ఆసామి ‘నా కొడుకులంతా డాక్టర్లే’ అన్నాడనుకుందాం. ఆధునిక లాజిక్ ప్రకారం అతను నిజమే చెప్పాడు! ‘ఎవరైనా నా కొడుకు అయితే డాక్టర్’ అన్న వాక్యాన్ని అబద్ధం చేయాలంటే డాక్టర్ కాని కొడుకుని ఒకణ్ని చూపించాలి, అసలు కొడుకే లేడు. ‘నా కొడుకు పేరు సోమలింగం’ అంటే మాత్రం, 1905లో బెర్ట్రండ్ రసెల్ చూపించిన పద్ధతిలో, అబద్ధం. ‘నా కొడుకు’ అన్న మాటలోనే అలాంటివాడు ఒకడు ఉన్నాడన్న ప్రకటన దాక్కుని ఉందని ఆయన వాదం. లేని ఫ్రాన్సు రాజు బట్టతల గురించి ఆయన వేసిన ప్రశ్న సరిగ్గా సోమలింగం ప్రశ్నే. అరిస్టాటిల్ పద్ధతిలో ‘అన్నీ’ అంటే కనీసం ఒకటి ఉన్నట్టే లెక్క కాబట్టి అక్కడ ఈ డాక్టర్ల వాక్యం కూడా నెగ్గదు.

రెండు క్వాంటిఫైయర్లు పక్కపక్కన పడితే వరుస ముఖ్యమవుతుంది. ‘ప్రతి ఊరికీ ఒక గ్రామదేవత ఉంది’ నిజమైనంత మాత్రాన ‘ఒక గ్రామదేవత ఉంది, ఆమె ప్రతి ఊరికీ దేవత’ అన్నది నిజం కాదు. ఒక ఊళ్లో పోలేరమ్మ ఉంటుంది, మరో ఊళ్లో మైసమ్మ ఉంటుంది. గుర్తుల్లో మొదటిది ∀∃, రెండోది ∃∀. రెండో దాని నుంచి మొదటిదానికి రావచ్చు గానీ, మొదటి దాని నుంచి రెండోదానికి పోలేం. బీఎస్సీ మ్యాథ్స్‌లో అవిచ్ఛిన్నతకీ ఏకరూప అవిచ్ఛిన్నతకీ ఉన్న తేడా అక్షరాలా ఇదే, ఊరూరికీ వేరే డెల్టానా, అన్ని ఊళ్లకీ ఒకటే డెల్టానా. ఆ రెండు నిర్వచనాల్నీ బట్టీ పట్టేవాళ్లు ఈ వరుసని ఒక్కసారి చూసుకుంటే ఆ అవసరం ఉండదు.

ఒక వాదన చెల్లుతుందో లేదో తేల్చడానికి సత్య పట్టిక ఒక దారి. వాక్యాలు రెండైతే నాలుగు వరసలు, మూడైతే ఎనిమిది. పది అయితే 1,024. ముప్ఫై అయితే 107 కోట్ల పైమాట. ఈ పెరుగుదలకి అడ్డదారి ఉందా అన్నదే కంప్యూటర్ సైన్స్‌లో 1971లో స్టీఫెన్ కుక్ ముందుకు తెచ్చిన పెద్ద ప్రశ్న. ఇప్పటికీ జవాబు లేదు, పది లక్షల డాలర్ల బహుమతి మాత్రం కాచుకుని ఉంది. పట్టిక కాకుండా మనుషులు వాడే దారి నిరూపణ: ఒప్పుకున్న కొద్ది నియమాలతో ఒక్కో మెట్టూ దిగడం. 1930ల్లో గెర్హార్డ్ గెంట్‌జెన్ దీన్ని గణితజ్ఞులు నిజంగా ఆలోచించే తీరుకి దగ్గరగా మలిచాడు. అందులో అన్నిటికన్నా పనికొచ్చే ఎత్తు ‘అనుకుందాం’ అనడం. క → గ నిరూపించాలంటే క నిజమనుకుని గ దాకా వెళ్లి, ఆ అనుకోవడాన్ని వెనక్కి తీసుకోవాలి. ఏదైనా కాదని నిరూపించాలంటే అవుననుకుని వైరుధ్యం దాకా వెళ్లాలి. రూట్ 2 కరణీయ సంఖ్య అని పదో తరగతిలో నిరూపించిన ప్రతివారూ ఈ ఎత్తు ఒకసారి వేసినవాళ్లే. అప్పుడు దాన్ని లాజిక్ అని ఎవరూ చెప్పలేదంతే.

నిరూపణల దారి ఎంతవరకు తీసుకెళ్తుందన్నది చివరి ప్రశ్న. క్వాంటిఫైయర్లున్న లాజిక్‌లో చెల్లే ప్రతి వాదనకీ నిరూపణ ఉంటుందని కర్ట్ గోడెల్ 1929లో తన పీహెచ్‌డీ థీసిస్‌లో చూపించాడు. రెండేళ్లకి, 1931లో, అంకగణితంలోని నిజాలన్నిటికీ నిరూపణలు ఇచ్చే వ్యవస్థ కట్టలేమని ఆయనే చూపించాడు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధమని విద్యార్థులు తరచూ కంగారు పడతారు. మొదటిది ఎలాంటి లోకంలోనైనా చెల్లే రూపాల గురించి, రెండోది సంఖ్యలనే ఒకానొక లోకం గురించి.

మరి చెల్లే ప్రతి వాదనకీ నిరూపణ ఉన్నప్పుడు, ఏ వాదన ఇచ్చినా చెల్లుతుందో లేదో చెప్పే యంత్రం తయారుచేయవచ్చు కదా? 1936లో ఆలన్‌జో చర్చ్, అలన్ ట్యూరింగ్ విడివిడిగా, కుదరదని తేల్చారు. నిరూపణలన్నిటినీ వరుసగా వెతుకుతూ పోయే యంత్రాన్ని తయారుచేయవచ్చు. వాదన చెల్లేదైతే ఎప్పటికో ఒకప్పటికి నిరూపణ దొరికి అది ఆగుతుంది. చెల్లకపోతే ఎప్పటికీ ఆగకపోవచ్చు. వారం గడిచినా యంత్రం తిరుగుతూనే ఉంటే, వాదన చెల్లనిదా, నిరూపణ ఇంకా దూరంలో ఉందా అన్నది చూస్తున్నవాడికి తెలిసే మార్గం లేదు.